డాబా మీది సెన్సర్, వెబ్‌సైట్‌లో మెరుపు హెచ్చరిక

డాబా మీద వాన కొలిచే డబ్బా, గాలి వేగానికి తిరిగే గిన్నెలు, నీడలో ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టుకుని, ఆ అంకెలను సొంత వెబ్‌సైట్‌లో చూపించే వాతావరణ ప్రియులు మన దగ్గరా ఉన్నారు. ఏదో ఒక వేసవిలో వాళ్ల చూపు మెరుపుల సెన్సర్ మీద పడుతుంది. అప్పటిదాకా ఆట వేరు. ఉష్ణోగ్రత అర డిగ్రీ ఎక్కువ చూపించినా, వాన రెండు మిల్లీమీటర్లు తక్కువ నమోదైనా ఎవరికీ ఏమీ కాదు. పేజీలోని మెరుపు గడి అలాంటిది కాదు. ‘చివరి మెరుపు: 12 కి.మీ.’ అని చదివిన మనిషి పొలానికి బయల్దేరాలా, ఇంట్లోనే ఉండాలా అన్నది దాన్నిబట్టే తేల్చుకుంటాడు. కాబట్టి ఆ అంకె ఎక్కడి నుంచి వస్తోంది, ఎంతవరకు నమ్మొచ్చు, దాన్ని హెచ్చరికగా మార్చే నియమం ఎలా ఉండాలి, అది ఏ దారిన ఎవరికి చేరాలి అన్నవన్నీ కలిపి చూడాల్సిందే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సెన్సర్ కొనడం సులువు, హెచ్చరిక మొదలుపెట్టడమూ సులువే. కష్టమంతా రెండుచోట్ల ఉంది. పెట్టిన హెచ్చరికను ఎప్పుడు తీసేయాలి? అసలు సమాచారమే రావడం ఆగిపోతే పేజీ ఏం చూపించాలి?

ఇంట్లో మోగే మెరుపు హెచ్చరిక కొత్త ఆలోచనేమీ కాదు. 1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో తన ఇంటి కప్పు మీద ఇనుప కడ్డీ నిలబెట్టి, దాని తీగను మెట్లదారి గుండా లోపలికి దించి, రెండు చిన్న గంటలు అమర్చాడు. పైనున్న మేఘం విద్యుత్తుతో నిండినప్పుడు గంటల మధ్య వేలాడే ఇత్తడి గుండు అటూ ఇటూ కొట్టుకుని మోగేది. తర్వాత ఆయన లండన్‌లో ఉన్న రోజుల్లో ఆ మోతకు భార్య డెబోరా హడలిపోయింది. రెండు గంటలనూ ఒక తీగతో కలిపేయమని ఆయన ఉత్తరం రాశాడు. అలా కలిపితే విద్యుత్తు చప్పుడు లేకుండా కిందికి పోతుంది. అతిగా మోగే హెచ్చరికను ఇంట్లోవాళ్లు కట్టేయించడం కూడా అప్పటి నుంచే మొదలైందన్న మాట. 1895లో రష్యాలో అలెగ్జాండర్ పొపోవ్ చూపించిన పరికరం ఇంకో మెట్టు ఎక్కింది. దూరాన మెరిసిన మెరుపు నుంచి వచ్చే రేడియో తరంగాన్ని పట్టుకుని అది గంట కొట్టేది. నేడు మనం కొనే సెన్సర్లన్నీ ఫ్రాంక్లిన్ కన్నా పొపోవ్‌కే దగ్గరి చుట్టాలు. తలమీది మేఘాన్ని కాక, ఎక్కడో మెరిసినదాని రేడియో చప్పుడును అవి వింటాయి. మీడియం వేవ్‌లో ఆకాశవాణి వింటుంటే ఉరుములు రాకముందే వచ్చే ‘చిటపట’ కూడా ఇదే.

ఈ వ్యవహారం మన నేల మీద ఎంత బరువైనదో చెప్పడానికి రెండు లెక్కలు చాలు. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. ప్రకృతి కారణాలతో పోయిన 8,060 మందిలో ఇది మూడో వంతుకు మించినది. ఇక 2018 ఏప్రిల్‌లో ఒకే రోజు, 13 గంటల వ్యవధిలో, ఆంధ్రప్రదేశ్‌లో 36,749 మెరుపులు నమోదైనట్టు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటించింది. అప్పటికే ఆ సంస్థ ముప్పున్న ప్రాంతాల్లోని ఫోన్లకు సందేశాలు పంపుతోంది. పొలంలో ఉన్న కూలీ దగ్గర ఫోన్ ఉండకపోవడమే పెద్ద చిక్కని అధికారులే అప్పట్లో చెప్పారు. ఈ మాట దగ్గరికి మళ్లీ వద్దాం.

ఇక సెన్సర్ సంగతి. ఇళ్లలో వాడే చాలా పరికరాల గుండెలో ఉన్నది ఏఎస్ 3935 అనే చిన్న చిప్. దీన్ని ఒక ఆస్ట్రియా కంపెనీ తయారుచేసింది. రాస్ప్‌బెర్రీ పై, ఆర్డుయినో లాంటి చిన్న కంప్యూటర్లకు తగిలించుకునే బోర్డుల రూపంలో దొరుకుతుంది. ఎకోవిట్ లాంటి కంపెనీలు దీన్నే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి బ్యాటరీలతో అమ్ముతాయి. ఇది 500 కిలోహెర్ట్జ్ దగ్గర వినే ఒక బుల్లి రేడియో. తరంగం ఆకారం చూసి మెరుపా, మనుషులు చేసిన రొదా అని విడదీస్తుంది. మెరుపే అనిపిస్తే దాని బలాన్ని, ఈమధ్య వచ్చినవాటి బలాన్ని కలిపి లెక్కగట్టి దూరం చెబుతుంది.

ఆ దూరం గురించే ఎక్కువగా మాట్లాడాలి. చిప్ ఇచ్చేది కొలిచిన దూరం కాదు, గణాంకాలతో వేసిన అంచనా. అది కూడా ఇప్పుడు మెరిసిన మెరుపుకు కాదు, ముందుకొస్తున్న ఉరుముల మేఘపు అంచుకు. అంచనా మెట్లుమెట్లుగా ఉంటుంది: 40, 37, 34 అంటూ దిగి, 10, 8, 6, 5 కిలోమీటర్ల దాకా వచ్చి, ఆ తర్వాత ఒక్కసారిగా ‘నెత్తి మీదే ఉంది’ అనేస్తుంది. మధ్యలో రెండు, మూడు, నాలుగు కిలోమీటర్లన్న మాటే లేదు. కొందరు వెబ్‌సైట్లలో ఈ అంకెను దశాంశాలతో, మైళ్ల నుంచి మార్చి, 12.07 కి.మీ. అని చూపిస్తుంటారు. చూడ్డానికి సర్వేయర్ కొలిచినంత కచ్చితంగా ఉంటుంది. నిజానికి అక్కడ రాయాల్సింది ‘సుమారు 10–15 కి.మీ.’ అని మాత్రమే. ఇక దిక్కు ఈ చిప్‌కు బొత్తిగా తెలియదు. పడమటి నుంచి వస్తున్న మేఘమో, తూర్పుకు దాటిపోతున్న మేఘమో దాని లెక్కలో ఒకటే. పైగా మేఘంలోనే మెరిసి ఆగిపోయినదాన్నీ, నేలను తాకినదాన్నీ అది కలిపే లెక్కపెడుతుంది. పేజీలో ‘పిడుగులు: 47’ అని రాస్తే ఊరు బెదిరిపోతుంది. ‘మెరుపులు: 47’ అంటే నిజం చెప్పినట్టు.

రొద సంగతి సెన్సర్ తగిలించిన రోజే తెలిసొస్తుంది. మిక్సీ తిప్పినా, ఫ్రిజ్ కంప్రెసర్ మొదలైనా, పక్కింటి బోరు మోటారు స్టార్టర్ టక్కుమన్నా, చవక ఎల్‌ఈడీ బల్బు వెలిగినా కొన్నిసార్లు ఇది మెరుపు అనుకుంటుంది. ఇన్వర్టర్, ఫోన్ చార్జర్, వైఫై రూటర్ పక్కన పెడితే ఇక చెప్పనక్కర్లేదు. చిప్‌లో దీనికి విరుగుడుగా కొన్ని అమరికలు ఉన్నాయి. ఇంటి లోపలా బయటా అన్నది చెప్పొచ్చు. రొద హద్దు పెంచొచ్చు. గడచిన 15 నిమిషాల్లో 1, 5, 9, 16 మెరుపుల్లో ఎన్ని లెక్కకు వచ్చాకే పలకాలో చెప్పొచ్చు. చాలామంది చేసే పని ఏమిటంటే, తప్పుడు మోతలకు విసిగి అన్నిటినీ గట్టిగా బిగించేస్తారు. అప్పుడు మిక్సీతో పాటు దూరపు మెరుపులు కూడా పోతాయి. ఈ చిప్‌కు దూరం పెరిగేకొద్దీ పట్టు ఎటూ తగ్గుతుంది. 40 కిలోమీటర్ల దగ్గర అది వినేది వచ్చినవాటిలో కొన్నిటినే. నా సలహా: ముందు చోటు మార్చండి, తర్వాతే అమరికలు మార్చండి. కరెంటు వస్తువులకు నాలుగైదు మీటర్ల దూరంగా, ఇనుప స్తంభానికి తగలకుండా పెడితే సగం రొద దానంతటదే పోతుంది. రొదగా కొట్టేసినవాటి లెక్కను కూడా దాచుకోండి. సెన్సర్ల అంకెలను రాసిపెట్టే వీవెక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ డేటాబేస్‌లో మెరుపుల సంఖ్య, దూరంతో పాటు రొదల సంఖ్యకూ గడులు ఉన్నాయి. రోజూ ఉదయం ఏడింటికి రొద పెరుగుతోందంటే అది ఎవరింటి చట్నీయో తెలుసుకోవచ్చు.

రెండో దారి సొంత సెన్సర్ లేకుండా నెట్‌వర్క్ మీద ఆధారపడడం. ఒక్క చెవికి దిక్కు తెలియదు. ఒకే చప్పుడును దూరదూరాన ఉన్న చాలా కేంద్రాలు వింటే, అది ఎక్కడికి ఎంత ముందు, ఎంత వెనక చేరిందో చూసి చోటు కట్టేయొచ్చు. రేడియో తరంగం ఒక మైక్రోసెకనులో 300 మీటర్లు పోతుంది కాబట్టి గడియారాలు అంత సూక్ష్మంగా కలవాలి. అందుకు జీపీఎస్ వాడతారు. జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎగోన్ వాంకే మొదలుపెట్టిన బ్లిట్‌జోర్టుంగ్ ఈ పద్ధతిలో నడిచే ఔత్సాహికుల నెట్‌వర్క్. పాల్గొనేవాళ్లు కిట్ కొని, ఇంట్లో ఏంటెన్నా పెట్టి, తమ వంతు సంకేతాలు పంపుతారు. ప్రపంచ పటం మీద మెరుపులు చుక్కలుగా, ఉరుము శబ్దం వ్యాపించే వలయాలతో సహా క్షణాల్లో కనిపిస్తాయి. మెరుపుల తక్కువ పౌనఃపున్య తరంగాలు నేలకూ అయనోస్ఫియర్‌కూ మధ్య వేల కిలోమీటర్లు పోగలవు కాబట్టి కేంద్రాలు పలుచగా ఉన్నచోట కూడా పటం ఖాళీగా ఉండదు. కానీ పలుచదనం పలుచదనమే. యూరప్‌లో ఉన్నంత దట్టంగా మన దేశంలో కేంద్రాలు లేవు. ఇక్కడ బలమైన మెరుపులు దొరుకుతాయి, చిన్నవి జారిపోతాయి. ప్రాణాల రక్షణకు తమ సమాచారాన్ని వాడొద్దని ఆ నెట్‌వర్కే స్పష్టంగా చెప్పుకుంటుంది. ఆ షరతును తీసి పక్కనపెట్టి, ఆ చుక్కలతో ‘అపాయ సూచన’ తయారుచేసేవాళ్లు ముందు ఆ వాక్యం చదవాలి.

మన దేశపు సొంత నెట్‌వర్క్ పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థది. దేశమంతటా పెట్టిన 80కి పైగా సెన్సర్ల సమాచారం ‘దామిని’ యాప్‌లో కనిపిస్తుంది. ఫోన్ ఉన్నచోటి నుంచి 20, 40 కిలోమీటర్ల పరిధిలో ఏం జరుగుతోందో అది చెబుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఇన్సాట్ ఉపగ్రహ సమాచారంతో దాదాపు రెండున్నర గంటల ముందే మెరుపుల సూచన ఇవ్వగలుగుతున్నట్టు 2025 ఏప్రిల్‌లో ఇస్రో తెలిపింది. ఉపగ్రహం నుంచే మెరుపులను నేరుగా చూసే పరికరాలు అమెరికా ఖండాల మీద 2016 నుంచి, యూరప్, ఆఫ్రికాల మీద 2022లో పంపిన మెటియోశాట్ నుంచి ఉన్నాయి. ఔత్సాహికుల పాఠాల్లో ఆ అందమైన బొమ్మలు చూసి మన పేజీలో పెట్టుకుందామనుకుంటే కుదరదు. అవి చూసేది మన ఆకాశాన్ని కాదు.

సొంత సెన్సర్, నెట్‌వర్క్ అన్న ఈ రెండు దారుల్లో ఏది మేలన్న చర్చ నాకు కొంత అనవసరంగా తోస్తుంది. రెండూ చేసే పనులు వేరు. ఎక్కడ, ఎటు అన్నది నెట్‌వర్క్ చెబుతుంది. ఇంటర్నెట్ పోయినా పలికేది ఇంటి సెన్సర్. మన ఊళ్లలో ఈదురుగాలి లేవగానే ముందు పోయేది కరెంటు, ఆ వెంటనే ఇంటర్నెట్. సరిగ్గా ఆ గంటలోనే వెబ్‌సైట్ మూగబోతుంది. కాబట్టి సొంత సెన్సర్ కొన్నవాళ్లు మొదట చేయాల్సింది పేజీలో గడి చేర్చడం కాదు, బ్యాటరీ మీద నడిచే ఒక చిన్న బజర్ తగిలించడం. ఇంట్లోవాళ్లకు అదే అసలు హెచ్చరిక. వెబ్‌సైట్ ఆ తర్వాత.

వెబ్‌సైట్‌కు వచ్చేసరికి ఆలస్యాల లెక్క వేసుకోవాలి. కొన్ని సెన్సర్లు నిమిషానికి పైగా ఆగి ఒకసారి సమాచారం పంపుతాయి. వీవెక్స్ మామూలుగా ఐదు నిమిషాలకోసారి రికార్డు రాసి, పేజీని తిరగరాస్తుంది. చూసేవాళ్ల బ్రౌజర్ పాత పేజీనే కాసేపు పట్టుకుని ఉండొచ్చు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే మేఘం ఐదు నిమిషాల్లో మూడు కిలోమీటర్లకు పైగా జరుగుతుంది. అంతా కలిపితే పేజీలోని 12 ఎప్పుడో 7 అయిపోయి ఉండొచ్చు. అందుకే హెచ్చరికను ఐదు నిమిషాల రికార్డు మీద కాక, సెన్సర్ నుంచి సమాచార ప్యాకెట్ వచ్చిన క్షణం మీదే కట్టాలి. వీవెక్స్‌లో దానికి వీలుంది. రాయడానికి కాస్త ఓపిక కావాలంతే.

సగటు ఇంకో ఉచ్చు. రికార్డు వ్యవధిలో ఒకటి 40 కిలోమీటర్ల దగ్గర, ఒకటి 6 దగ్గర మెరిస్తే సగటు 23 అవుతుంది. ఆకాశంలో ఆ 23 ఎక్కడా లేదు. దూరానికి సగటు వద్దు, అతి తక్కువది తీసుకోవాలి. సంఖ్యకు మొత్తం తీసుకోవాలి. మెరుపే లేనప్పుడు దూరం గడి ఖాళీగా ఉండాలి. ఏ ప్రోగ్రామైనా ఆ ఖాళీలో సున్నా రాస్తే, నిర్మలమైన మాఘమాసపు ఉదయాన ‘0 కి.మీ. దూరంలో మెరుపు’ అని పేజీ ఎర్రబడుతుంది.

హెచ్చరిక ఎప్పుడు మొదలవ్వాలన్నదానికి లోకంలో అనుభవం చాలానే ఉంది. వాన పడుతున్న చోటి నుంచి 15 కిలోమీటర్లకు పైగా ఎగిరొచ్చి పిడుగు పడిన సందర్భాలున్నాయి. ఉరుము వినిపించే దూరం కూడా దాదాపు అంతే. కాబట్టి ఉరుము వినిపించిందంటే పిడుగు అందుకోగలిగే దూరంలో ఉన్నట్టే. పేజీ చూడక్కర్లేకుండా ఇంత చెప్పగల సెన్సర్ మనిషి చెవే. అమెరికాలో కాలేజీ ఆటల మైదానాలు చివరి మెరుపు లేదా ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి గాని ఆట మళ్లీ మొదలుపెట్టవు. ఇంటి పేజీకి నేను వాడే నియమం వీటి నుంచే వచ్చింది: పది నిమిషాల్లో 16 కిలోమీటర్ల లోపు రెండు మెరుపులు వస్తే హెచ్చరిక మొదలు. ఒక్కటే వస్తే అది మిక్సీ కావచ్చు. నెట్‌వర్క్ కూడా అదే చెబితే మాత్రం ఒక్కటి చాలు. ఆపడానికి మాత్రం లెక్క వేరు. 25 కిలోమీటర్ల లోపు చివరి మెరుపు వచ్చి 30 నిమిషాలు గడవాలి. ఆ మధ్యలో ఇంకోటి వస్తే గడియారం మళ్లీ మొదటికి. మొదలుకూ ఆపుకూ ఒకే గీత పెడితే, మేఘం ఆ గీత మీద ఊగుతున్నంతసేపూ సందేశాలు ‘వచ్చింది, పోయింది, వచ్చింది’ అని కురుస్తాయి. మూడోసారికి జనం ఫోన్‌లో ఆ సందేశాల నోరు నొక్కేస్తారు. చాలా పేజీల్లో మొదలు నియమం చక్కగా ఉంటుంది, ఆపే నియమమే ఉండదు. ఐదు నిమిషాల్లో కొత్త మెరుపు రాకపోతే గడి పచ్చగా మారిపోతుంది. మేఘం వెళ్లిపోయేటప్పుడు, వాన తగ్గి జనం బయటికొచ్చే వేళ పడే పిడుగులకు సరిగ్గా ఆ పచ్చదనమే దారి చూపుతుంది.

ఇక మౌనం సంగతి. సెన్సర్ బ్యాటరీ అయిపోయింది. లేదా రూటర్ ఆగింది. లేదా రాస్ప్‌బెర్రీ పై మెమరీ కార్డు పాడైంది. వెబ్‌సైట్ ఎక్కడో అద్దె సర్వర్ మీద ఉంది కాబట్టి అది బతికే ఉంటుంది. చివరిసారి ఇంటి నుంచి వచ్చిన పేజీని అలాగే చూపిస్తుంది: ‘మెరుపులు లేవు’. మెరుపులు లేకపోవడమూ, మెరుపులు తెలియకపోవడమూ అక్కడ ఒకే రంగులో కనిపిస్తాయి. నేను చూసిన ఇంటి పేజీల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన లోపం ఇదే. దీని మరమ్మతు ఏమంత కష్టం కాదు. పేజీలో సమాచారం పుట్టిన సమయం ఉండాలి. చూసేవాళ్ల బ్రౌజర్‌లోనే నడిచే రెండు వరుసల స్క్రిప్టు ఆ సమయాన్ని ఇప్పటి సమయంతో పోల్చి, పది నిమిషాలు దాటితే గడిని బూడిద రంగుకు మార్చి ‘కేంద్రం నుంచి సమాచారం లేదు, ఆకాశం చూసుకోండి’ అని రాయాలి. ఈ పని ఇంటి కంప్యూటర్‌కు అప్పజెప్పకూడదు. తాను ఆగిపోయానని చెప్పగలిగితే అది ఆగిపోనట్టే కదా. అలాగే ఇంటి నుంచి నిమిషానికోసారి ‘ఉన్నాను’ అన్న సంకేతం సర్వర్‌కు వెళ్లాలి. అది ఆగితే సర్వరే యజమానికి సందేశం పంపాలి. మెరుపే లేని జనవరిలో సెన్సర్ బతికుందో లేదో ఎలా తెలుస్తుంది? గ్యాస్ లైటర్‌ను దగ్గరగా నొక్కి చూస్తే చాలాసార్లు రొద లెక్క కదులుతుంది. అది చెవి పనిచేస్తోందనడానికి రుజువు, మెరుపును గుర్తుపడుతుందనడానికి కాదు. దానికి మొదటి అకాల వాన దాకా ఆగి, నెట్‌వర్క్ పటంతో పోల్చుకోవాల్సిందే.

సందేశం పంపే దారుల గురించి క్లుప్తంగా. ఈమెయిల్ ఆలస్యం. బల్క్ ఎస్ఎంఎస్‌కు మన దేశంలో ముందుగా నమోదు, సందేశం నమూనాకు అనుమతి కావాలి కాబట్టి ఇంటి అభిరుచికి కుదరదు. టెలిగ్రామ్ బాట్ ఉచితం, నిమిషాల్లో తయారవుతుంది. ఎక్కువమంది అదే వాడతారు, నాకూ అదే నచ్చింది. రంగుల విషయంలో మాత్రం ఒక సంయమనం కావాలి. పసుపు, నారింజ, ఎరుపు రంగులు భారత వాతావరణ శాఖ హెచ్చరికలవి. ఇంటి పేజీ తన అంచనాకు ‘రెడ్ అలర్ట్’ అని పేరు పెట్టుకుంటే అది వాట్సాప్‌లో పడ్డాక ఎవరి మాటో ఎవరికీ తెలియదు. ‘మా సెన్సర్‌కు వినిపించింది’ అని రాసి, పక్కనే దామినికి, జాతీయ విపత్తుల సంస్థ ‘సచేత్’కు లంకెలు ఇవ్వడం మర్యాద.

ఇప్పుడు ఆ పొలం సంగతి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లలో ఉరుముల హెచ్చరిక వచ్చిందంటే రైతు చేసే మొదటి పని ఇంట్లోకి పోవడం కాదు, కల్లానికి పరిగెత్తడం. ఆరబోసిన వడ్లు, మిర్చి, మొక్కజొన్న అక్కడుంటాయి. వాటి మీద టార్పాలిన్ పట్టాలు కప్పాలి. మేకలనూ గొర్రెలనూ తోలుకు రావాలి. అంటే 16 కిలోమీటర్ల దగ్గర మోగే హెచ్చరిక మనిషిని సరిగ్గా అపాయంలోకే పంపిస్తుంది. ఈ ఒక్క కారణంతో, అమెరికా పెరట్ల కోసం తయారైన ఒంటిమెట్టు హెచ్చరిక మనకు సరిపోదని నేననుకుంటాను. రెండు మెట్లు కావాలి. మేఘం 40 కిలోమీటర్లకు అవతల ఉండగానే మొదటిది: ‘ఉరుముల మేఘం ఇటు వస్తోంది, పట్టాలు ఇప్పుడే కప్పుకోండి, పశువులను ఇప్పుడే తోలుకోండి’. ఆ దూరంలో ఇంటి సెన్సర్ పట్టు అంతంతమాత్రమే, దిక్కు అసలే తెలియదు కాబట్టి ఈ మెట్టును నెట్‌వర్క్ మీద, వాతావరణ శాఖ మూడు గంటల సూచనల మీదే కట్టాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగమైతే రెండో మెట్టు వచ్చేదాకా రైతుకు అరగంటకు పైనే దొరుకుతుంది. రెండోది 16 కిలోమీటర్ల దగ్గర, ఇంటి సెన్సర్ బాగా పలికే దూరంలో: ‘ఇక కల్లం వదిలేయండి, చెట్టు కిందికి వద్దు, పక్కా ఇంట్లోకి వెళ్లండి’. ఈ రెండో సందేశంలో పంట మాట ఉండకూడదు. ఫోన్ లేని కూలీల కోసం ఈ మెట్టుకే డాబా మీద ఒక సైరన్ తగిలించి, ఒక రిలే ద్వారా మోగించవచ్చు. సైరన్‌కు బ్యాటరీ వేరుగా ఉండాలి. సెన్సర్, నెట్‌వర్క్ రెండూ ఒప్పుకున్నప్పుడు, లేదా నెట్ లేకపోతే సెన్సర్ మూడుసార్లు పలికినప్పుడు మాత్రమే మోగాలి. బజర్ తప్పుగా మోగితే ఇంట్లోవాళ్లు తిడతారు. సైరన్ రెండుసార్లు తప్పుగా మోగితే మూడోసారి వాడంతా పనిలోనే ఉండిపోతుంది.